కొబ్బరి నూనె, వరి చేను, రెండు రకాల పొరలు

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లెటూరండి, డిగ్రీలో మైక్రోబయాలజీ చదువుతున్నాను. ఆర్కియాల (చూడ్డానికి బ్యాక్టీరియాలా ఉన్నా వేరే వర్గానికి చెందిన ఏకకణ జీవుల) కణపొరలో ఉండే కొవ్వులు బ్యాక్టీరియా కొవ్వులకి పూర్తిగా వేరని, వేడినీటి బుగ్గల్లో బతకడానికే అలా ఉంటాయని పుస్తకంలో రాసి వదిలేశారు. జీవులన్నిటికీ మూలకణం, అంటే ఉమ్మడి పూర్వీక కణం, ఒకటే అయినప్పుడు పొర రెండు రకాలుగా ఎలా వచ్చిందండి?

జవాబు: పుస్తకం చెప్పింది తప్పు కాదమ్మా, కానీ సగమే చెప్పింది. ముందు ఆ వేడినీటి బుగ్గల్ని పక్కన పెట్టండి, ఎందుకంటే ఆర్కియాలు మీ చేలోనే ఉన్నాయి. దాళ్వాకి దమ్ము చేసి నీళ్లు నిలిపిన చేలో కాలు పెడితే బుడబుడమని పైకొచ్చే గాలిలో మీథేన్ ఉంటుంది, గాలి తగలని ఆ బురదలో దాన్ని తయారుచేసేవి ఆర్కియాలే. కోరంగి మడ అడవుల బురదలోనూ ఇవి ఉంటాయి. వీటికి మరిగే నీళ్లతో పని లేదు, అయినా పొర మాత్రం ఆ రకమే.

తేడా ఏంటో మీ వంటింట్లోనే చూడొచ్చు. కొబ్బరి నూనెలో కాస్టిక్ సోడా కలిపితే సబ్బు అవుతుంది కదా, అక్కడ జరిగేది గ్లిజరాల్‌కీ కొవ్వు ఆమ్లానికీ మధ్య ఉన్న ఎస్టర్ బంధం తెగిపోవడం. బ్యాక్టీరియా పొరలో, మన పొరలో కూడా ఎక్కువగా ఉండేది ఆ బంధమే. ఆర్కియాల్లో దాని బదులు ఈథర్ బంధం ఉంటుంది, అది అంత తేలిగ్గా తెగదు. ఇక రెండోది, ఆ బంధంతో గ్లిజరాల్ నుంచి వేలాడే కార్బన్ గొలుసు. చలికాలం పొద్దున్నే సీసాలో కొబ్బరి నూనె పేరుకుపోతుంది, ఎందుకంటే అందులో ఎక్కువ భాగం గొలుసులు తిన్నగా ఉండి, చెక్కిన సరుగుడు వాసాల్లా పక్కపక్కనే సర్దుకుంటాయి. ఆర్కియాల గొలుసు అలా కాదు, రబ్బరులో ఉండే ఐసోప్రీన్ ముక్కల్లాంటి వాటితో కట్టింది, ప్రతి నాలుగో కార్బన్ దగ్గరా ఒక చిన్న కొమ్మ ఉంటుంది. తుమ్మ కంపని ఎంత అదిమినా సందులు మిగిలినట్టు ఈ పొర చలికీ బిగుసుకుపోదు, వేడికీ కారిపోదు. కొన్నిట్లో రెండు వైపుల గొలుసులూ కలిసిపోయి పొర మొత్తం ఒకే వరసగా ఉంటుంది. మెథనోపైరస్ అనే ఆర్కియా రకం ఒకటి 122 డిగ్రీల సెల్సియస్ దగ్గర కూడా పెరిగిందని 2008లో చూపించారు.

ఇంతవరకూ పుస్తకం మాట సరిపోతుంది. మీ డౌటుకి అసలు సమాధానం మూడో తేడాలో ఉంది. గ్లిజరాల్‌కి ఫాస్ఫేట్ అతుక్కునే వైపు బ్యాక్టీరియాలో ఒకటైతే ఆర్కియాల్లో దానికి అద్దంలో బొమ్మ, మామూలు శంఖానికీ దక్షిణావర్త శంఖానికీ ఉన్నంత తేడా. అద్దంలో బొమ్మకి వేడిని తట్టుకునే బలమేమీ ఎక్కువ ఉండదు కాబట్టి ఇది వేడి కోసం వచ్చింది కాదు. పైగా ఆ రెండు రకాల గ్లిజరాల్ ఫాస్ఫేట్‌నీ తయారుచేసే ఎంజైములకి ఒకదానితో ఒకదానికి చుట్టరికం లేదు. జన్యువుల్ని చదివే పద్ధతి, ప్రోటీన్ కట్టే పద్ధతి ఇద్దరికీ ఉమ్మడి ఆస్తి, పొర మాత్రం ఎవరిది వాళ్లే కట్టుకున్నట్టు ఉంది. ఈథర్ బంధం కొన్ని బ్యాక్టీరియాల్లోనూ, ఆ మాటకొస్తే మన గుండెలోనూ కనిపిస్తుంది, కానీ ఈ ఎడమ కుడి గీత దాటడం చాలా అరుదు.

అందుకే కొందరు, మూలకణానికి సొంత పొరే లేదు, సముద్రం అడుగున రాతి రంధ్రాల్లో బతికింది, ఆ గోడలే దాని పొర అన్నారు, 2003లో శాస్త్రవేత్తలు విలియం మార్టిన్, మైఖేల్ రస్సెల్ రాసింది ఇదే. అదే కాలంలో మరో శాస్త్రవేత్త వాక్టర్‌షాయిజర్, మొదట్లో రెండు రకాలూ కలిసిన పొర ఉండేది, తర్వాత విడిపోయాయి అన్నాడు. కలగలుపు పొర అంత నిలకడగా ఉండదనే ఊహ చాలాకాలం ఉండేది. కానీ 2018లో నెదర్లాండ్స్ శాస్త్రవేత్తలు ఈ.కోలై బ్యాక్టీరియా పొరలో 30 శాతం వరకు ఆర్కియా కొవ్వులు తయారయ్యేలా చేస్తే అది చావలేదు సరికదా, కొన్ని కష్టాల్ని ఇంకా బాగా తట్టుకుంది. నాకు ఆ ప్రయోగం చూశాక కలగలుపు పొర మాటే ఎక్కువ నమ్మకంగా అనిపిస్తోంది. అయితే ఇవాళ బతికింది కాబట్టి అప్పుడూ అలాగే జరిగిందనడానికి లేదు, ఆ తేడా మర్చిపోకండి.

ఇంకో ముడి ఉంది, అది మన గురించే. మన కణాల పూర్వీకుల్లో ఒకటి ఆర్కియా, 2015లో ఆర్కిటిక్ సముద్రం అడుగు బురదలో దొరికిన లోకీ ఆర్కియాల జన్యువులు ఆ చుట్టరికాన్ని ఇంకా బలపరిచాయి. మరి మన పొర మాత్రం బ్యాక్టీరియా రకం. ఇల్లు కూలకుండా, అందులో కాపురం ఉంటూనే గోడలన్నీ ఎలా మార్చుకుంది? ఇది ఇంకా తేలలేదు, మీరు పీజీకి వెళ్లాలనుకుంటే పట్టుకోదగ్గ ప్రశ్న ఇదేనమ్మా.

ప్రశ్న: కాకినాడ వైపు ఉప్పు మడుల్లో నీళ్లు ఎండాకాలం ఎర్రబడతాయి, రసాయనాలు కలిశాయంటారా?

జవాబు: ఎర్రబడినంత మాత్రాన రసాయనం అనుకోనక్కర్లేదండి. ఉప్పు గడ్డకట్టేంత చిక్కబడిన నీళ్లలో పెరిగే ఆర్కియాల పొరలో ఎర్రటి రంగు ఉంటుంది, ఆ రంగు కూడా పైన చెప్పిన ఐసోప్రీన్ ముక్కలతో తయారైందే. డునాలియెల్లా అనే నాచు కూడా తోడవుతుంది. ఆ రంగు ఎండని పీల్చుకోవడం వల్ల నీళ్లు త్వరగా ఆవిరవుతాయి, ఉప్పు రైతుకి మేలే. వాటిలో చాలా రకాలు మంచినీళ్లలో వేస్తే పగిలిపోతాయి, వాన గట్టిగా పడి మడి పలచబడితే ఎరుపు విరిగిపోయేది అందుకే.