ఇంపాక్ట్ పెట్టుబడి నిజంగా పేదలకు మేలు చేస్తుందా?

లాభంతో పాటు సమాజానికి కొలవదగిన మేలు జరగాలని ముందే నిర్ణయించుకుని పెట్టే డబ్బు ఇది. మేలు జరుగుతుందా లేదా అన్నది మాత్రం సంస్థ ఎవరి చేతిలో ఉందన్న దానిపైనే ఆధారపడుతుందని నా నమ్మకం.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని సూక్ష్మరుణ రంగాన్నే, అంటే పేదలకు చిన్న చిన్న అప్పులిచ్చే సంస్థలనే చూడండి. పేద మహిళలకు అప్పు అందించాలని పుట్టిన ఎస్‌కేఎస్ అనే సంస్థ 2010 ఆగస్టులో షేర్ మార్కెట్‌కు వెళ్లింది. ఆ రంగమంతా పెట్టుబడిదారుల కోసం వేగంగా విస్తరించింది. ఒకే ఇంటికి పలు సంస్థలు అప్పులిచ్చాయి, వారం వారం వసూళ్ల ఒత్తిడి పెరిగింది, ఆత్మహత్యల వార్తలు వచ్చాయి. వీటిని అదుపు చేయడానికి అదే ఏడాది అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చింది.

దీనికి భిన్నంగా, 1956లో మొదలైన తెలంగాణలోని ముల్కనూరు సహకార సంఘంలో అప్పు తీసుకునే రైతే సభ్యుడు, యజమాని. నిర్ణయంలో అతనికీ ఓటుంది. ఏ ఇంపాక్ట్ ఫండ్‌లో డబ్బు పెట్టే ముందైనా లబ్ధిదారులకు అలాంటి ఓటు ఉందో లేదో అడగండి.