అంతా వదిలేసి ఎందుకొచ్చారు?

ప్రశ్న: మా నాయనమ్మ వాళ్లు 1964లో రంగూన్ నుంచి ఓడలో వచ్చేశారు. తాతయ్యకు అక్కడ బియ్యం కొట్టు ఉండేదట. అంతా వదిలేసి ఎందుకొచ్చారండీ?
– ఓ పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: వాళ్లు వదిలేయలేదమ్మా, వదిలేసేలా చేశారు. 1962 మార్చి 2న బర్మా (ఇప్పటి మయన్మార్) సైన్యాధిపతి జనరల్ నే విన్ అధికారం లాక్కున్నాడు. 1964లో కొట్లన్నీ ప్రభుత్వపరం చేశారు. ఆ మే నెలలోనే 50, 100 క్యాట్ నోట్లు చెల్లవన్నారు. మా నాన్న కూడా అప్పుడే వచ్చారు. ఓడ ఎక్కేముందు ఆడవాళ్ల ఒంటి మీద బంగారం సైతం తీయించారని చెప్పేవారు. తలుచుకుంటే నాకిప్పటికీ కడుపు రగిలిపోతుంది.

ఉండిపోయిన మనవాళ్లకూ సుఖం లేదు. 1982 పౌరసత్వ చట్టం 1823కి ముందు నుంచి అక్కడున్న జాతులనే పూర్తి పౌరులుగా లెక్కగట్టింది. బర్మీయులు మాత్రం ఏం బాగుపడ్డారు? 1987లో మళ్లీ నోట్లు రద్దు, 1988లో విద్యార్థులపై తుపాకులు. 2008 రాజ్యాంగంలో పార్లమెంటు సీట్లలో పావు వంతు సైన్యానికే రాసిపెట్టుకున్నారు. అదీ చాలక 2021 ఫిబ్రవరి 1న మళ్లీ సైనిక కుట్ర!

నాయనమ్మ దగ్గర ఆనాటి కాగితాలుంటే దయచేసి పారేయకండి. కొట్టు ఏ వీధిలో ఉండేదో అడిగి రాసుకోండి.