కోస్టారికాలో మన జామ్: రిజిస్ట్రేషన్ ఎవరి పేరున ఉండాలి?

ప్రశ్న: కోస్టారికా రాజధాని సాన్ హోసేలో ఉద్యోగం చేస్తున్నాను. మా బావగారికి చిత్తూరు దగ్గర పండ్ల గుజ్జు, జామ్ తయారుచేసే చిన్న యూనిట్ ఉంది. మొన్న సామానులో తెచ్చిన మామిడి జామ్ ఇక్కడి స్నేహితులకు బాగా నచ్చి, కొందరు కొనుక్కున్నారు కూడా. కొట్టు నడిపే ఒకాయన, "కాగితాలన్నీ నా పేరున చేయిస్తాను, మీరు సరుకు తెప్పిస్తే చాలు" అంటున్నారు. ఒప్పుకోవచ్చా?

జవాబు: ఆయనతో వ్యాపారం చేయండి. ఆ షరతుకు మాత్రం ఒప్పుకోకండి.

కోస్టారికాలో ప్యాక్ చేసిన ఆహారం దిగుమతి చేసి అమ్మాలంటే ముందుగా అక్కడి ఆరోగ్య మంత్రిత్వ శాఖ దగ్గర రిజిస్టర్ చేయించాలి. అయిదేళ్లు చెల్లుతుంది. అది ఎవరి పేరున ఉంటే ఆ ఉత్పత్తిపై పట్టు వారిదే. రేపు ధర దగ్గర మాట తేడా వచ్చి మీరు వేరే దుకాణానికి సరుకు ఇవ్వాలనుకుంటే, మళ్లీ మొదటి నుంచి కాగితాలు పెట్టుకోవాల్సి రావచ్చు. అందుకే రిజిస్ట్రేషన్ మీ వైపు వారి పేరున, అంటే మీరు అక్కడ పెట్టుకునే కంపెనీ పేరునో, మీ తరఫున పనిచేసే ప్రతినిధి పేరునో ఉండటం మేలు. అలా కుదరక కొట్టు యజమాని పేరునే చేయించాల్సి వస్తే, ఒప్పందం ముగిసినప్పుడు దాన్ని మీకు బదిలీ చేస్తానని ముందే రాయించుకోండి.

బ్రాండు పేరు విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. కోస్టారికాలో 2000 నాటి 7978వ నంబరు చట్టం కింద ట్రేడ్‌మార్కు పదేళ్లకు నమోదవుతుంది. ఒకే దరఖాస్తుతో అనేక దేశాల్లో ట్రేడ్‌మార్కు కోరే వీలున్న మాడ్రిడ్ విధానంలో భారతదేశం 2013లో చేరింది కానీ కోస్టారికా అందులో లేదు. కాబట్టి అక్కడి లాయరు ద్వారా నేరుగా దరఖాస్తు పెట్టాల్సిందే. బావగారు భారతదేశంలో దరఖాస్తు చేసి ఆరు నెలలు దాటకపోతే, ట్రేడ్‌మార్కులు, పేటెంట్లకు సంబంధించిన పారిస్ ఒప్పందం ప్రకారం ఆ మొదటి తేదీనే అక్కడ కూడా కోరవచ్చు. మొదటి పెట్టె ఓడ ఎక్కకముందే ఈ పని ముగించండి. ఎంతో కష్టపడి నిలబెట్టుకున్న పేరును మరొకరి దగ్గర తిరిగి కొనుక్కోవాల్సి వస్తే, అంతకంటే బాధ ఉండదు.

కాగితాల్లో ఎక్కువ ఆలస్యం చేసేది ఒకటి ఉంది. ఈ జామ్ భారతదేశంలో చట్టబద్ధంగా అమ్ముడవుతోందని అధికార సంస్థ ఇచ్చే ధ్రువపత్రం కావాలి. ప్రైవేటు ల్యాబు నివేదిక దాని బదులు పనికిరాదు. దానికి మన విదేశాంగ శాఖ అపోస్టిల్ ముద్ర, అంటే పత్రం అసలైనదేనని ఇతర దేశాలు ఒప్పుకునే ధ్రువీకరణ, వేయాలి. ఉభయ దేశాలూ ఈ ముద్రను గుర్తించే హేగ్ ఒప్పందంలో ఉన్నాయి కనుక రాయబార కార్యాలయం చుట్టూ తిరగనక్కరలేదు. ఆ తర్వాత అధికారిక అనువాదకుడి చేత స్పానిష్‌లోకి మార్పించాలి. బావగారికి ఎగుమతి కోడ్, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రతా సంస్థ) లైసెన్సు, అపెడా (వ్యవసాయ, ఆహార ఉత్పత్తుల ఎగుమతి సంస్థ) నమోదు ఉన్నాయో లేదో ఈ వారమే కనుక్కోండి.

ఇక లేబుల్. ఇంగ్లీషు లేబుల్ ఉన్న సీసాను అలాగే అమ్మలేరు. దాని మీద స్పానిష్‌లో అదనపు లేబుల్ అంటించాలి. మధ్య అమెరికా దేశాలు కలిసి రూపొందించుకున్న సాంకేతిక నిబంధనల ప్రకారం ఉత్పత్తి పేరు, బరువు ఎక్కువున్న వాటితో మొదలుపెట్టి పదార్థాల వరుస, నికర బరువు, తయారైన దేశం, దిగుమతిదారు పేరు, చిరునామా, లాట్ నంబరు, గడువు తేదీ, రిజిస్ట్రేషన్ నంబరు అందులో ఉండాలి. గుజ్జు నిల్వకు పొటాషియం మెటాబైసల్ఫైట్ (ఒక రకం సల్ఫైట్) వాడి ఉంటే ఆ విషయం దాచకండి. తయారైన జామ్‌లో సల్ఫైట్లు కిలోకు 10 మిల్లీగ్రాములు, ఆపైన ఉంటే లేబుల్ మీద ప్రకటించాలి. ఉబ్బసం ఉన్నవారికి అది ప్రాణాల మీదికి రావచ్చు. "చక్కెర తక్కువ" లాంటి మాటలు వద్దు. అలాంటిది రాస్తే పోషక విలువల పట్టిక కూడా తప్పనిసరవుతుంది.

సరుకు విలువకు బీమా, రవాణా ఖర్చు కలిపి దాని మీద సుంకం వేస్తారు. జామ్‌లకు వర్తించే 2007 నంబరు కస్టమ్స్ శీర్షిక కింద దిగుమతి సుంకం, 6946వ నంబరు చట్టం కింద దిగుమతి విలువపై మరో 1 శాతం పన్ను, ఇవన్నీ కలిపిన మొత్తం మీద 13 శాతం విలువ ఆధారిత పన్ను పడతాయి. భారతదేశానికి కోస్టారికాతో స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం లేదు. ఐరోపా, అమెరికా జామ్‌లకు తమ ఒప్పందాల వల్ల రాయితీ దొరుకుతుంది. మీకు దొరకదు. ధర వేసేటప్పుడు ఇది మర్చిపోకండి.

సీసాలో గాజు పెంకు వచ్చిందనుకోండి. కోస్టారికాలోని 1994 నాటి 7472వ నంబరు వినియోగదారుల చట్టం కింద తయారీదారు, సరఫరాదారు, వ్యాపారి ముగ్గురూ బాధ్యులే. తప్పు మీది కాదన్నంత మాత్రాన బాధ్యత తప్పదు, ఆ నష్టంతో మీకు సంబంధమే లేదని నిరూపిస్తేనే బయటపడతారు. కాబట్టి నష్టం ఎవరు భరించాలో ఒప్పందంలో రాసుకోండి, బీమా తీసుకోండి.

మీరు అడగకపోయినా రెండు మాటలు చెప్పాలి. సొంత వాడకానికని సామానులో తెచ్చిన సీసాలను అమ్మడం ఇప్పుడే ఆపేయండి, మిగిలినవి ఇంట్లో తినండి. రెండోది, తాత్కాలిక నివాస అనుమతి మీద ఉన్నవారు అందులో అనుమతించిన పనే చేయాలి. కంపెనీలో వాటా ఉండటం వేరు, కొట్లో నిలబడి అమ్మడం వేరు. ముందు మీ అనుమతి పత్రం కాపీని స్థానిక లాయరుకు చూపించండి, కంపెనీ పెట్టే మాట ఆ తర్వాతే.