తాటిపూడి దగ్గర కాటేజీ: ఒకసారి తిట్టుకున్నాం, ఒకసారి కదలలేకపోయాం

అరకు రద్దీ పడలేమని, విజయనగరం, శ్రీకాకుళం వైపే కొండలూ నీళ్ళూ ఉన్న చోట కాటేజీ తీసుకుని పిల్లలతో, మోకాళ్ళ నొప్పులున్న అమ్మగారితో మూడు రోజులు ఉండగలమా అని అడిగారు. ఉండగలరు. మేం రెండుసార్లు ఉన్నాం, రెండుసార్లూ తాటిపూడి రిజర్వాయరు దగ్గరే. మొదటిసారి తిట్టుకుంటూ ఇంటికొచ్చాం. రెండోసారి మా చిన్నది కారెక్కనని మారాం చేసింది. కాటేజీ మాత్రం అదే. వెళ్ళిన నెల వేరు, తిండికి చేసుకున్న ఏర్పాటు వేరు, అంతే.

తాటిపూడి గంట్యాడ మండలంలో ఉంది. విజయనగరం నుంచి కారులో గంట చాలు. అనంతగిరి కొండల్లో పుట్టిన గోస్తనీ నది బొర్రా గుహల మీదుగా దిగివచ్చి, ఇక్కడ ఆగి, తర్వాత భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఆ నది మీద 1963–68 మధ్య కట్టిన రిజర్వాయరు ఇది. విశాఖపట్నానికి తాగునీరు కూడా ఇక్కణ్ణుంచి వెళ్తుంది. ఆ మాట చెప్పగానే మా వాడు "అయితే వైజాగ్‌లో అత్త కుళాయి తిప్పితే ఇవేనా వచ్చేవి?" అని నీళ్ళకేసి అనుమానంగా చూశాడు.

మొదటిసారి వెళ్ళింది మే నెలలో, పిల్లలకి సెలవులని. నెట్‌లో ఫోటో చూస్తే గది గుమ్మం దాకా నీళ్ళున్నట్టు ఉంది. వెళ్ళి చూస్తే నీళ్ళు ఎక్కడో దూరాన ఉన్నాయి. మధ్యలో అంతా నెర్రెలు విచ్చిన బురద, దాని మీద ఎవరిదో పడవ ఒకటి ఓ పక్కకి ఒరిగి ఉంది. మధ్యాహ్నం కరెంటు పోతే సాయంత్రం వచ్చింది. రాత్రి ఎనిమిదింటికి భోజనం అడిగితే కాపలా ఆయన మొహమాటపడుతూ "రాత్రి కూడు మజ్జానమే సెప్పాలి బాబూ, ఇప్పుడేటి దొరుకుతాది" అన్నాడు. బిస్కెట్లు తిని పడుకున్నాం. మర్నాడు ఎస్.కోట (శృంగవరపుకోట) వెళ్ళి ఇడ్లీలు తిని, అటునుంచి అటే ఇంటికి. తప్పు వాళ్ళది సగం, మాది సగం. ఎండాకాలంలో రిజర్వాయరు నిండుగా ఉంటుందని అనుకోవడం మా తెలివే.

రెండోసారి డిసెంబరులో వెళ్ళాం. అంతకుముందే కాపలా ఆయనకి ఫోన్ చేసి "మూడు పూటలా మీ ఇంట్లో వండి పెడతారా, ఎంత ఇమ్మంటారు" అని తేల్చుకున్నాను. ఈ ఒక్క ఫోన్‌తో సగం టెన్షన్ పోయింది.

పొద్దున్న ఆరింటికి నీళ్ళ మీద మంచు ఎంత దట్టంగా ఉందంటే ఎదురుగా ఉన్న కొండ కనబడలేదు. దగ్గు వినబడింది ముందు. తర్వాత ఓ మనిషి, తలకి తువ్వాలు చుట్టుకుని, థర్మాకోల్ ముక్కలు కట్టిన తెప్ప మీద గొంతుక్కూర్చుని వల లాగుతూ బయటికొచ్చాడు. తెడ్డు లేదు, చేతిలో కంచం లాంటిదేదో పెట్టి నీళ్ళు తోస్తున్నాడు. ఒడ్డుకొచ్చాక బొచ్చె చేప ఒకటి బేరమాడాం. కొక్కెం కాటాకి తగిలిస్తే అది తోక కొట్టిన దెబ్బకి మా ఆవిడ చీర నిండా పొలుసులు. కాపలా ఆయన భార్య దాన్ని మట్టి దాకలో చింతపండు పులుసు పెట్టింది. నేను వంటల గురించి గొప్పలు చెప్పేవాణ్ణి కాదు గానీ, ఆ రోజు సాయంత్రం మిగిలిన పులుసు కోసం పిల్లలు కొట్టుకున్నారు.

మా అమ్మది గజపతినగరం వైపు పల్లె. "మీదే ఊరమ్మా?" అన్న ప్రశ్నతో మొదలై అమ్మా, కాపలా ఆయన భార్యా పావుగంటలో ఎవరిదో పెళ్ళి, ఎవరిదో భూమి తగాదా దాకా వెళ్ళిపోయారు. మర్నాడు పొద్దున్న చెంబుతో చోడి (రాగి) అంబలి, పక్కన ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ వచ్చాయి. డబ్బులు ఇవ్వబోతే ఆమె కోప్పడింది. పిల్లలు మూతి తిప్పారు, బెల్లం వేస్తే తాగారు.

చూడ్డానికి ఏముంది అంటారా, పెద్దగా లేదు. ఒకరోజు నేనూ పిల్లలూ పొద్దున్నే ఎస్.కోట స్టేషన్లో కిరండూల్ ప్యాసింజరు ఎక్కి బొర్రా దాకా వెళ్ళాం. సొరంగాలు లెక్కపెడతానని కూర్చున్న మా వాడు ఇరవై దాటాక లెక్క తప్పాడు. గుహల్లో మెట్లు ఎక్కువ, అమ్మగారిని వద్దు. ఎస్.కోట పక్కనే పుణ్యగిరి ఉంది, కొండ మీద శివాలయం, నీటిధారలు. అక్కడా ఎక్కుడే. శివరాత్రికి మాత్రం అటు వెళ్ళకండి, జనం కాలు పెట్టనివ్వరు. అలాగే దసరా తర్వాత వచ్చే మంగళవారం విజయనగరంలో పైడితల్లి సిరిమానోత్సవం. దాని ముందువెనకల ఊళ్ళో గది దొరకడం కష్టం, సంబరం కోసమే వస్తే తప్ప ఆ వారం వదిలేయండి. అక్టోబరులో తుఫానుల భయం కూడా ఉంటుంది. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ రెండూ ఆ నెలలోనే కొట్టాయి.

శ్రీకాకుళం వైపు కూడా అడిగారు కదా. పక్షులంటే ఇష్టమైతే తేలినీలాపురం వెళ్ళండి, నౌపడ దగ్గర. చలికాలంలో గూడబాతులు (పెలికాన్లు), ఎర్రకాళ్ళ కొంగలు ఊళ్ళోని చింతచెట్ల మీదే గూళ్ళు కడతాయి. కానీ తాటిపూడితో కలిపి ఒకే ట్రిప్పులో పెట్టకండి. ఆ రెంటికీ మధ్య దూరం చాలా ఉంది, రోజంతా కారులోనే పోతుంది. మా తోడల్లుడు అలాగే చేసి, చెరువు చూశానో పక్షి చూశానో గుర్తులేదు, వెనక సీటు మాత్రం గుర్తుంది అంటాడు.

నీళ్ళలోకి మాత్రం పిల్లల్ని దిగనివ్వకండి. ఒడ్డున మోకాలి లోతే అనిపిస్తుంది, అడుగున ఒండ్రు. కాలు కూరుకుపోతే లాగడం పెద్దవాళ్ళకే కష్టం. మా వాడి చెప్పు ఒకటి ఇప్పటికీ అక్కడే ఉంది. పడవ ఎక్కితే లైఫ్ జాకెట్ అడిగి వేసుకోండి, "ఏం పర్లేదండి" అంటే ఎక్కకండి.

టార్చి, దోమల చుట్టలు, అమ్మగారి మందులు ఇంటి నుంచే తీసుకెళ్ళండి. సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది, పటం ముందే ఫోన్లో దించుకోండి.

ఇక మోకాళ్ళ సంగతి. గది ఖాయం చేసేముందు గుమ్మానికి మెట్లెన్ని, బాత్రూంలో కమోడ్ ఉందా అని ఫోన్లోనే అడగండి. నేను ఆ రెండూ అడిగాను, రెండూ సరిగ్గానే ఉన్నాయి. మంచం ఎత్తు అడగాలని తోచలేదు. ఆ మూడు రోజులూ మా అమ్మ రెండు ఇటుకల మీద కాలు పెట్టి మంచం ఎక్కింది.