విమానం ఆలస్యమైతే?

ప్రశ్న: చెన్నైలో ఎక్కి, దుబాయ్‌లో మారి అమెరికాలోని అమ్మాయి దగ్గరికి వెళ్తున్నాం. మొదటి విమానమే గంటల తరబడి ఆలస్యమైతే ఎట్లా?
– ఓ పాఠకురాలు, కావలి

జవాబు: ముందు టికెట్ చూడండమ్మా. రెండు విమానాలకూ పీఎన్‌ఆర్ (బుకింగ్ నంబరు) ఒకటే అయితే, దుబాయ్‌లో రెండో విమానం తప్పిపోయినా తర్వాతి దాంట్లో సీటు చూపాల్సింది విమాన సంస్థే. దిగగానే ట్రాన్స్‌ఫర్ డెస్క్‌కు వెళ్లండి, ఇమిగ్రేషన్ దాటొద్దు. చవకని విడివిడిగా కొన్నారా, రెండో టికెట్ డబ్బు గంగపాలే!

మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధనల్లో, రాత్రి 8 నుంచి తెల్లవారుజామున 3 మధ్య బయల్దేరాల్సిన విమానం 6 గంటలకు మించి ఆలస్యమైతే హోటల్ వసతి ఉంది. కౌంటర్‌లో గట్టిగా అడగండి. అడగనిదే చెప్పేవాళ్లు తక్కువ.

చెక్-ఇన్ పెట్టె మధ్యలో చేతికి రాదు. బీపీ, షుగర్ మాత్రలు 3 రోజులకు సరిపడా, డాక్టర్ చీటీతో చేతిసంచీలోనే ఉంచుకోండి. ఇన్సులిన్ కూడా అంతే: కింద సామాన్ల అరలో చలికి గడ్డకడితే పనికిరాదు.