సమాధానం: విండోస్ 11 వెనకాల ఏం పంపుతోంది?

గాజువాకలో మీ షాపు ల్యాప్‌టాప్ ఊరికే ఉన్నా హాట్‌స్పాట్ డేటా అయిపోతోందనీ, జీఎస్టీ బిల్లులు మైక్రోసాఫ్ట్‌కి పోతున్నాయేమోననీ కదండీ మీ భయం. ఈ రెండూ వేర్వేరు సంగతులు.

డేటా తినేది చాలావరకు అప్‌డేట్లే. వైఫై సెట్టింగ్స్‌లో మీ హాట్‌స్పాట్‌కి ‘మీటర్డ్ కనెక్షన్’ (ఈ నెట్‌కి డేటా పరిమితి ఉందని విండోస్‌కి చెప్పే స్విచ్) ఆన్ చేయండి, చాలా తగ్గుతుంది.

ఇక నిఘా సంగతి. సెట్టింగ్స్‌లోని ‘ప్రైవసీ అండ్ సెక్యూరిటీ’లో ‘డయాగ్నస్టిక్స్ అండ్ ఫీడ్‌బ్యాక్’ తెరిచి ‘ఆప్షనల్’ డేటా ఆపేయండి. చూసిన వెబ్‌సైట్లు, యాప్‌లు వాడిన తీరు పోయేది అందులోనే. ‘రిక్వైర్డ్’ డేటా, అంటే కంప్యూటర్ సరిగా నడుస్తోందా అని చూసే తప్పనిసరి సమాచారం మాత్రం, హోమ్, ప్రో ఎడిషన్లలో ఆగదు. కంపెనీలు, విద్యాసంస్థలు వాడే ఎంటర్‌ప్రైజ్, ఎడ్యుకేషన్ ఎడిషన్ల వాళ్లకే ఆ వీలు. డబ్బు పెట్టి కొన్న మామూలోడికి ఆ స్విచ్ లేకపోవడం నాకైతే మింగుడుపడదు. అదే పేజీలో డయాగ్నస్టిక్ డేటా వ్యూయర్ ఆన్ చేస్తే పంపేదేంటో కళ్లారా చూడొచ్చు. డిస్క్‌లో 1 జీబీ దాకా తీసుకుంటుంది.

బిల్లుల మాటకొస్తే అసలు అనుమానించాల్సింది వన్‌డ్రైవ్‌ని, అంటే ఫైళ్లని ఆన్‌లైన్‌లో దాచే మైక్రోసాఫ్ట్ సర్వీసుని. టాస్క్‌బార్ మూలన మేఘం గుర్తు నొక్కి, సెట్టింగ్స్‌లో బ్యాకప్ చూడండి. ‘డాక్యుమెంట్స్’ ఆన్‌లో ఉంటే ఫైళ్లు నిజంగానే వాళ్ల సర్వర్‌కి వెళ్తున్నట్టే. ఆపేముందు మాత్రం పెన్‌డ్రైవ్‌లో ఒక కాపీ పెట్టుకోండి.