చూపు చెట్టు మీద కాదు, సందు మీద

ప్రశ్న: విశాలమైన వాలు మీద ధైర్యంగానే స్కీయింగ్ చేస్తాను. చెట్ల మధ్యకు వెళ్తే మాత్రం ఒళ్లు బిగుసుకుపోతోంది, వేగం అదుపు తప్పుతోంది. ఏం చేయాలి?

జవాబు: ముందు చూపు మార్చండి. భయంతో చెట్టునే చూస్తుంటే భుజాలు అటే తిరుగుతాయి, స్కీలూ అటే పోతాయి. చెట్ల నడుమ కనిపించే తెల్లటి సందును చూడండి. ఇప్పుడు తిరుగుతున్న మలుపు కాళ్లు చూసుకుంటాయి, కళ్లు దాని తర్వాతి రెండు మూడు మలుపులను వెతకాలి.

వేగం పెరగడానికి ఎక్కువగా సగంలో వదిలేసిన మలుపులే కారణం. స్కీలు వాలుకు దాదాపు అడ్డంగా వచ్చేదాకా ప్రతి మలుపునూ ముగించండి. ఛాతీ కిందివైపే ఉండాలి, కాళ్లు మాత్రమే తిరగాలి. భయంతో వెనక్కి వాలితే స్కీల ముందు భాగం మీద బరువు తగ్గి అవి మాట వినవు. అందుకే చేతులు ఎప్పుడూ కంటికి కనిపించేలా ముందుంచండి, కొమ్మలను కాచుకోవడానికీ పనికొస్తాయి. దారి కనిపించకపోతే అడ్డంగా జారి ఆగండి.

ముందుగా ఖాళీ వాలు మీదే 3 మీటర్ల వెడల్పు దాటకుండా పొట్టి మలుపులు సాధన చేయండి. అది కుదిరాకే దూరదూరంగా చెట్లున్న తేలికపాటి వాలుకు వెళ్లండి. హెల్మెట్, గాగుల్స్ తప్పనిసరి. పోల్స్ (చేతుల్లో పట్టుకునే కర్రలు) పట్టీల్లోంచి చేతులు తీసేయండి. పోల్ కొమ్మకు తగులుకుంటే పట్టీ భుజాన్నే లాగేస్తుంది.

ప్రశ్న: చెట్టు మొదట్లో గుంత అంత ప్రమాదమా?

జవాబు: చాలా ప్రమాదం. ఫర్, స్ప్రూస్ లాంటి చెట్ల కింది కొమ్మలు గొడుగులా మంచును ఆపుతాయి. దాంతో మొదలు చుట్టూ మంచు గట్టిపడక గుల్లగా ఉంటుంది, పైకి మాత్రం మామూలుగానే కనిపిస్తుంది. అందులో తలకిందులుగా పడితే వదులు మంచు మీ మీదికి జారి ఊపిరి ఆడదు. దీని నుంచి హెల్మెట్ కాపాడదు. కొత్త మంచు బాగా పడిన రోజున ఆ చెట్లకు ఎడంగా వెళ్లండి.

జారుతున్నారనిపిస్తే కొమ్మనో, మానునో పట్టుకుని తల పైకి ఉండేలా చూడండి. ఇరుక్కుంటే గింజుకోకండి, ఇంకా కిందికి దిగుతారు. నోటి ముందు చేత్తో ఖాళీ చేసుకోండి. తోడున్నవారు కనుచూపులోనే ఉండాలి, ఇద్దరి మెడలోనూ ఈల ఉండాలి. కాపాడేవారు కాళ్లు పట్టి లాగకూడదు. తల ఎక్కడుందో అంచనా వేసి పక్క నుంచి తవ్వుతూ ముందు ముఖం దగ్గరికి చేరాలి. పైనుంచి తవ్వితే మంచు మళ్లీ ముఖం మీదే పడుతుంది.